నల్గొండకు సముద్రపు ఇళ్లు ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధాల్లోనూ, చేతి ఫోన్లలోనూ తిరిగే సముద్రతీరపు ఇళ్ల బొమ్మలు మా ఊళ్లో ఇటుకా సిమెంటుగా లేస్తున్నాయి. పానగల్లు వైపు కొత్త కాలనీల్లో చాలా ఇళ్లకు ముందు గోడే లేదు, నేల నుంచి కప్పు దాకా అద్దమే. బాల్కనీకీ అద్దమే. మిగిలిన గోడలు నాలుగున్నర అంగుళాలు. సజ్జ పెడదామంటే ఎలివేషన్ (ఇంటి ముందు రూపు) పాడవుతుందంటారు. ఇళ్లు కట్టించే చిన్న కాంట్రాక్టరుగా, కొంతకాలం కాకినాడ దగ్గర కూడా పని చేసినవాడిగా ఈ ధోరణి గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

తీరంలో ఆ ఇంటికి ఒక లెక్క ఉంది. అక్కడ గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, రాత్రయినా వేడి పెద్దగా దిగదు. గోడ ఎంత మందంగా కట్టినా ఒరిగేది తక్కువే, ఒంటికి గాలి తగలాలి. పగలు నేల వేడెక్కాక సముద్రం మీది నుంచి గాలి మళ్లుతుంది. అది ఒక కిటికీలో దూరి ఎదుటి కిటికీలోంచి పోయేలా ఇల్లు అమర్చుకుంటారు. ఇళ్లలో కరెంటు ఆదా కోసం 2018లో కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే నిబంధనల లెక్క కూడా ఇదే. విశాఖపట్నం లాంటి తేమ ప్రాంతంలో గాలి కోసం తెరిచే వైశాల్యం ఇంటి లోపలి నేలలో కనీసం ఆరో వంతు ఉండాలి. హైదరాబాద్ ఉన్న మిశ్రమ వాతావరణ మండలంలో ఎనిమిదో వంతు, పొడి వేడి ప్రాంతాల్లో పదో వంతు ఉంటే చాలు. బిగించిన అద్దం ఈ లెక్కలోకే రాదు.

ఆ మాటకొస్తే తీరంలో పాతవాళ్లు అద్దాల జోలికే పోలేదు. కోనసీమ మండువా ఇంటికి పెంకుల కప్పు, చుట్టూ వసారా, మధ్యలో ఆకాశం. ఉత్తరాంధ్ర చుట్టిల్లు గుండ్రంగా, చూరు నేలకు దగ్గరగా వంగి ఉంటుంది, తుపాను గాలికి పట్టు దొరకదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడినప్పుడు అద్దాల మేడల గతి ఏమైందో టీవీల్లో అందరం చూశాం.

నల్గొండకు వచ్చేసరికి ఈ లెక్క తిరగబడుతుంది. మే నెల మధ్యాహ్నం ఇక్కడ వీచేది వడగాలి. కిటికీ ఎంత పెద్దదైతే దానికి అంత పెద్ద దారి. పగలు మూసి రాత్రి తెరుచుకోవాల్సిన ఊరు ఇది. 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నాం కాబట్టి మే రెండో వారంలో మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, ఆ ఎండంతా స్లాబు మీదే. పొద్దు వాలాక అదే ఎండ పడమటి గోడను ఏటవాలుగా కొడుతుంది. అప్పుడు సజ్జ కూడా చాలదు, మందపాటి గోడో వసారానో చెట్టో అడ్డం ఉండాలి. పాత మిద్దెలు కట్టినవాళ్లు ఇది చూసుకునే మందపాటి మట్టిగోడ, చిన్న కిటికీ, దూలాల మీద మట్టికప్పు పెట్టుకున్నారు. (వానకు అవి కురిసేవి, మట్టి ఎత్తిపోసుకోవడమే సరిపోయేది. వాటినే మళ్లీ కట్టమని నేననడం లేదు.)

పోయిన వేసవిలో ఒక ఇంటి హాలులో పడమటి వైపు నిలువెత్తు అద్దం చూశాను. ఎండకు తాళలేక లోపలి నుంచి దానికి పాత ఎన్నికల ఫ్లెక్సీ కట్టారు. బొమ్మ ఉన్న వైపు అద్దానికి ఆనడంతో, వీధిలో వెళ్లేవారందరికీ చేతులు జోడించిన నాయకుడు దర్శనమిస్తున్నాడు. లోపల ఏసీ ఆగకుండా తిరుగుతోంది.

మన అలవాట్లు తీరానికి పోవడం ఇంకో చిక్కు. పాలమూరు, నల్గొండ మేస్త్రీలు ఎక్కడ పని ఉంటే అక్కడికి వెళ్తారు. చువ్వ చుట్టూ తగినంత కాంక్రీటు మందం (దీన్నే కవరు అంటాం) ఉండాలంటే స్లాబు వేసేటప్పుడు చువ్వల కింద కవర్ బ్లాకులు పెట్టాలి. వాటికి బదులు కంకర ముక్క పెట్టి లేపడం ఇక్కడ మామూలు. ఇక్కడి పొడి గాలిలో ఆ లోపం ఏళ్ల తరబడి బయటపడదు. సముద్రం దగ్గర ఉప్పు కాంక్రీటులోకి దిగి చువ్వను పట్టుకుంటుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. కాకినాడ దగ్గర ఒక డాబా బాల్కనీ కింద పెచ్చులూడిన చోట చువ్వను వేలితో నలిపితే పొరలు పొరలుగా రాలింది. కాంక్రీటు పనులకు దేశమంతటా పాటించే ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం, తీరానికి దూరంగా, ఎండావానలు నేరుగా తగలని చోట ఎం20 కాంక్రీటు (ఎం పక్కన అంకె పెరిగేకొద్దీ గట్టిది), 20 మిల్లీమీటర్ల కవరు సరిపోతాయి. తీరపు గాలికి తెరిచి ఉన్న చోట ఎం30, 45 మిల్లీమీటర్లు కావాలి. సముద్రపు తుంపర పడే చోటైతే ఎం35, 50 మిల్లీమీటర్లు. ఈ తేడా మేస్త్రీకి చెప్పేదెవరు?

అనుమతుల సంగతి చూద్దాం. 600 గజాల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు ఇంటికి స్వీయ ధ్రువీకరణతో ఆన్‌లైన్‌లో వెంటనే అనుమతి దొరుకుతోంది. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది, సంతోషం. అయితే ఎండ ఎటు, గాలి ఎటు అన్నది అక్కడ ఎవరికీ పట్టని విషయం. 2023 ఏప్రిల్‌లో రాష్ట్రం ప్రకటించిన కూల్ రూఫ్ (ఎండ వేడిని తిప్పికొట్టే కప్పు) విధానం కూడా చిన్న ఇళ్లను వదిలేసింది. నివాసాల్లో 600 గజాలు, ఆపైన ఉంటేనే అది తప్పనిసరి. నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్‌లలో మామూలు మనిషి కొనేది నూటయాభై, రెండు వందల గజాలు. అందరికీ తప్పనిసరి చేయమని కూడా అడగను, జరిమానా అనగానే దళారులు పుట్టుకొస్తారు. ఇందిరమ్మ ఇంటికి ఎలాగూ 5 లక్షల రూపాయల సాయం ఇస్తున్నారు. స్లాబు మీద తెల్ల సున్నమో వేడిని తిప్పికొట్టే పెయింటో వేయించే ఖర్చు దానికి కలపవచ్చు. అనుమతి పత్రంతో పాటు ఈ జిల్లా ఎండకు సరిపడే రెండు మూడు ప్లాన్లు ఉచితంగా ఇవ్వవచ్చు. మేస్త్రీలకు శిక్షణ ఇచ్చే న్యాక్ (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్) హైదరాబాద్‌లో ఉంది. ఆ శిక్షణ మా లేబర్ అడ్డాల దాకా రావాలి, ఒక పూట కూలి కట్టిచ్చి మరీ కూర్చోబెట్టి చెప్పాలి.

మీకూ ఒక మనవి. అందమైన ఇంటి ఫొటో వేసినప్పుడు అది ఏ ఊరిదో, అద్దాలు ఏ దిక్కుకు ఉన్నాయో కింద ఒక ముక్క రాయండి. ఇల్లు కట్టించుకునేవాళ్లు ఆ పేపరు ముక్క కత్తిరించి జేబులో పెట్టుకుని వస్తున్నారు. పేపర్లో వచ్చిందంటే ఇక నా మాట చెల్లడం లేదు.

ఇట్లు,
ఒక చిన్న కాంట్రాక్టరు,
నల్గొండ.