స్కాన్ సీడీ అడక్కుండానే ఇవ్వాలి

సంపాదకులకు,

మా అమ్మాయికి మల్టిపుల్ స్క్లిరోసిస్ – మెదడు, వెన్నుపాము నరాలను దెబ్బతీసే జబ్బు. ‘రిలాప్సింగ్’ (తగ్గి మళ్లీ తిరగబెట్టేది), ‘ప్రోగ్రెసివ్’ (క్రమంగా ముదిరేది) అంటూ డాక్టర్లు చెప్పే రకాలు లక్షణాలను బట్టి పెట్టినవి. 2021లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ (యూసీఎల్) పరిశోధకులు 6,322 మంది ఎంఆర్ఐ స్కాన్లను కంప్యూటర్‌తో పరిశీలించి మరో మూడు రకాలు చూపారు: మెదడు పైపొర ముందుగా కుంచించుకుపోయేది, పైకి బాగానే కనిపించే వైట్ మ్యాటర్ (మెదడు లోపలి నరాల తీగల భాగం) ముందు దెబ్బతినేది, మెదడులో మచ్చలతో మొదలయ్యేది. మూడో రకంలో వైకల్యం ముదిరే ముప్పు ఎక్కువ. మందులకు ఎక్కువగా లొంగిందీ అదే. ఏ మందు పనిచేస్తుందోనన్న టెన్షన్‌లో ఉన్నవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. అయితే ఇలాంటి విశ్లేషణకు ఫిల్ములు చాలవు, డిజిటల్ ఫైళ్లు కావాలి. మా ఊళ్లో గట్టిగా అడిగితేగానీ సీడీ ఇవ్వరు. అడక్కుండానే ఇచ్చేలా వైద్య శాఖ ఆదేశించాలి.

– ఓ తండ్రి, గుంటూరు