రెఫర్ చేసే ముందు ఆ ఒక్క సూది వేయించండి

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది దేవరకొండ దగ్గర పల్లె. పోయిన ఎండాకాలం మా కూతురికి గర్భం 31వ వారంలోనే కాన్పు నొప్పులు మొదలైనాయి. దగ్గర్లోని ఆసుపత్రిలో నొప్పులు ఆగడానికి గోలీ ఇచ్చి, సెలైన్ పెట్టి నల్లగొండకు పంపారు. దాదాపు 60 కిలోమీటర్లు. అక్కడి డాక్టరమ్మ ముందుగా అడిగిన మాట, "స్టెరాయిడ్ సూది వేశారా?" అని. చీటీలో లేదు. నెలలు నిండకముందే పుట్టే బిడ్డ ఊపిరితిత్తుల కోసం అలాంటి సూది ఒకటుందని మాకు తెలియనే తెలియదు.

ఆ రాత్రే మనవడు పుట్టాడు. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకలు లోపలికి పోయేవి, సన్నగా మూలిగేవాడు. ఎస్ఎన్‌సీయూ అనే పసిపిల్లల ప్రత్యేక వార్డు అద్దం బయట 19 రోజులు నిలబడ్డాం. దేవుడి దయ, బతికాడు.

ఊపిరితిత్తుల్లోని చిన్న చిన్న గాలి తిత్తులు తడి పాల కవర్ పొరల్లా అతుక్కోకుండా సర్ఫాక్టెంట్ అనే కొవ్వు పొర కాపాడుతుందట. కడుపులో బిడ్డకు అది సరిపడా తయారయ్యేది సుమారు 34, 35 వారాలకు. మా కూతురికిచ్చిన నిఫెడిపిన్ గోలీ నొప్పులను ఒకటి రెండు రోజులు వాయిదా వేయడానికే, ఊపిరితిత్తులకు అది చేసేదేమీ లేదు. ఆ టైంలో పని చేయాల్సింది డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ సూది. తల్లికి వేస్తే మాయ దాటి బిడ్డను చేరి, సర్ఫాక్టెంట్ తయారీని తొందర చేస్తుంది. సూదే వేయనప్పుడు ఆ టైం దేనికండీ?

ఇది కొత్త వైద్యం కాదు. న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్, హోవీ అనే డాక్టర్లు 1972లోనే ఇలాంటి స్టెరాయిడ్ సూది ఫలితం చూపించారు. 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులొస్తే 6 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకోసారి నాలుగు డోసులు వేయాలని, పెద్దాసుపత్రికి పంపే ముందు మొదటి డోసు ఊళ్లో నర్సమ్మ అయిన ఏఎన్‌ఎం కూడా వేయవచ్చని కేంద్రం 2014లోనే మార్గదర్శకాలిచ్చింది. ఖరీదు తక్కువ, ఫ్రిజ్ కూడా అక్కర్లేదు.

అందరికీ పొడిచేయమని అడగడం లేదు. వారాలు సరిగ్గా లెక్కగట్టాలి, గర్భసంచిలో ఇన్ఫెక్షన్ ఉందేమో చూడాలి. అందుకు మా ఏఎన్‌ఎం అమ్మలకు మళ్లీ ట్రైనింగ్ ఇప్పించండి. నల్లమల పెంటల (చెంచు గూడేల) నుంచి అచ్చంపేట దాకా, దేవరకొండ తండాల దాకా ప్రతి సబ్ సెంటర్‌లో ఈ మందు ఉంచండి. రెఫరల్ చీటీలో "మొదటి డోసు ఎన్ని గంటలకు వేశారు" అని ఒక గడి అచ్చు వేయించండి. అది ఖాళీగా ఉంటే ఎందుకు వేయలేదో కింద రాయాల్సిందేనని ఆర్డరివ్వండి.

ఇట్లు,
దేవరకొండ ప్రాంతపు ఒక అమ్మమ్మ