బ్లీచింగ్ చల్లితే డెంగీ ఆగదు

డెంగీ కేసు తేలిన వీధిలో కాలువ పక్కన బ్లీచింగ్ చల్లి చేతులు దులుపుకొనే పద్ధతి మానాలి. మా కాలనీలో మొన్న అదే జరిగింది. డాబాల మీద పాత టైర్లను, కూలర్లలో నిలిచిన నీళ్లను ఎవరూ చూడలేదు. డెంగీ దోమ గుడ్లు పెట్టేది అక్కడే. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య బ్రిటన్ పురపాలక సంఘాలూ ఇలాగే శ్రమపడ్డాయి. కంఠసర్పి (డిఫ్తీరియా) సోకిన పిల్లల గది మూసి గంధకం పొగో, ఫార్మాలినో పట్టించేవి. పరుపులు, దుప్పట్లు బండిలో తీసుకెళ్లి ఆవిరి యంత్రంలో శుద్ధి చేసి తిరిగి ఇచ్చేవి. ఆ సిబ్బంది నిజాయతీగానే పనిచేశారు. కానీ ఆ జబ్బు ముఖ్యంగా గొంతులో క్రిములున్న మనిషి నుంచే మరొకరికి పాకుతుంది. అమెరికాలోని ప్రావిడెన్స్ నగర ఆరోగ్యాధికారి చార్లెస్ చాపిన్ ఇది గ్రహించి 1905లోనే ఆ పొగ ఆపించారు. బ్రిటన్‌లో దేశవ్యాప్త టీకాల కార్యక్రమం మాత్రం 1940 దాకా రాలేదు, ఆలోపు ఎంతమంది పసివాళ్లు పోయారో! బ్లీచింగ్‌ను తాగునీటి శుద్ధికి ఉంచి, దాన్ని చల్లే మన సిబ్బందిని కేసు వచ్చిన ఇంటి చుట్టూ ఇల్లిల్లూ పంపి నిలవ నీళ్లు పారబోయించాలి. వారంలోపు మళ్లీ వచ్చి చూడాలి. ఏ వీధిలో ఎన్ని ఇళ్లు చూశారో వార్డు ఆఫీసు బోర్డు మీద రాయాలి.