కుర్చీ వెళ్ళే దారిలోనే అందరం: ఈ ఏడాది కార్యకలాపాల నివేదిక

దక్షిణ ఫ్లోరిడాలోని మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి వేడుకలు ఎప్పటిలాగే బాగా జరిగాయి. ఫొటోలు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. జమాఖర్చులు కోశాధికారిగారు సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తారు. అందుకే ఈ నివేదికలో ఎక్కువ భాగం ఈ ఏడాది కొత్తగా మొదలుపెట్టిన ఒక కార్యక్రమం గురించే: దక్షిణ ఫ్లోరిడా చిత్తడి నేలల్లో వీల్‌చైర్ నడక.

గత సమావేశంలో వీల్‌చైర్ వాడే మన సభ్యులొకరు ఒక మాట అడిగారు. "నన్ను పిక్నిక్‌కి మోసుకెళ్ళొద్దు. నేను వెళ్ళగలిగిన చోటే పిక్నిక్ పెట్టండి." బీచ్ పిక్నిక్ అంటే ఇసుక. ఇసుకలో కుర్చీ కదలదు. ఆయన ఎప్పుడూ షెడ్డులో కూర్చుని మన బ్యాగులకి కాపలా కాసేవారు. ఆయన మాటనే కార్యవర్గం ఈ ఏడాదికి నియమంగా పెట్టుకుంది: కుర్చీ వెళ్ళలేని చోటికి సంఘం వెళ్ళదు. పెద్దవాళ్ళకి వేరే విహారయాత్ర, కుర్రాళ్ళకి వేరేది అని విడదీయలేదు.

మొదట డెల్రే బీచ్‌లోని వాకోడహాచీ వెట్‌ల్యాండ్స్‌కి వెళ్ళాం. 50 ఎకరాల చెరువులు, వాటి మీదుగా ముప్పావు మైలు చెక్క బాట. ఎత్తుపల్లాలు లేవు, ప్రవేశ రుసుమూ లేదు. ఇది 1996లో తెరిచిన కృత్రిమ చిత్తడి నేల. కౌంటీ మురుగునీటి శుద్ధి కేంద్రం నుంచి రోజుకి దాదాపు 20 లక్షల గ్యాలన్ల శుద్ధి చేసిన నీళ్ళు ఇందులోకి వస్తాయి. రెల్లు, తుంగ ఆ నీటిని ఇంకాస్త వడకడతాయి. మన ఇళ్ళలో వాడి వదిలిన నీళ్ళ మీద ఇన్ని పక్షులు బతుకుతున్నాయని పిల్లలకి చెబితే మొదట నమ్మలేదు.

ఫిబ్రవరి నుంచి అక్కడ వుడ్ స్టార్క్ కొంగలు గూళ్ళు కడతాయి. ఒకప్పుడు అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న పక్షి ఇది. మన అనంతపురం వైపు వీరాపురానికి వచ్చే ఎర్రకాళ్ళ కొంగకి దగ్గరి చుట్టం, రెండూ ఒకే ప్రజాతి. గూళ్ళు బాటకి ఎంత దగ్గరంటే, కుర్చీలోంచే కొంగపిల్లల నోళ్ళు కూడా కనిపిస్తాయి. మెడ ఎత్తి చూడక్కర్లేదు, బైనాక్యులర్ అక్కర్లేదు.

అక్కడే ఏలూరు నుంచి వచ్చిన ఒక అమ్మమ్మగారు తుంగలో నడుస్తున్న నీలిరంగు పక్షిని చూసి, "ఇది మన బొల్లికోడి కదే! కొల్లేట్లో బోలెడు. ఇక్కడికెలా వచ్చిందే?" అని మనవరాలిని అడిగారు. ఆవిడ సరిగ్గానే పోల్చుకున్నారు. అది ఆసియా పక్షే. ఎవరో పెంచుకుంటుంటే తప్పించుకుని 1990లలో ఫ్లోరిడాలో స్థిరపడిందని అంటారు. 2006 నుంచి ప్రభుత్వం కొన్నేళ్ళపాటు వేల సంఖ్యలో తొలగించినా లొంగలేదు. ఆ రోజు మిగతా దారంతా ఆవిడే గైడ్. నలభై ఏళ్ళుగా ఇక్కడ ఉన్నవాళ్ళకి కూడా తెలియని విషయాలు చెప్పారు.

బోయింటన్ బీచ్‌లోని గ్రీన్ కే కూడా ఇలాంటిదే, ఇంకా పెద్దది. బాట ఒకటిన్నర మైలు. టెడ్, ట్రూడీ విన్స్‌బర్గ్ అనే రైతు దంపతులు తమ పొలాన్ని బాగా తక్కువ ధరకి కౌంటీకి ఇవ్వడంతో అది సాధ్యమైంది. దూరం ఎక్కువ కాబట్టి చేతులతో కుర్చీ నడుపుకునేవాళ్ళు మధ్యలో ఆగడానికి నీడ ఎక్కడుందో ముందే చూసుకోవాలి.

శీతాకాలంలో ఎవర్‌గ్లేడ్స్ నేషనల్ పార్కుకి వెళ్ళాం. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ వానలు తక్కువ. నీళ్ళు తగ్గిపోయి జంతువులన్నీ మిగిలిన మడుగుల చుట్టూ చేరతాయి. రాయల్ పామ్ దగ్గరున్న అన్‌హింగా ట్రైల్ 0.8 మైలు, కొంత తారు, కొంత చెక్క. అన్‌హింగా అంటే పాము లాంటి మెడతో నీళ్ళలో ఈదే పక్షి. ఈకలకి నీళ్ళు అంటకుండా చేసే నూనె పూత చాలదు కాబట్టి బయటికొచ్చి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటుంది. బాట పక్కనే మొసళ్ళ జాతివే అయిన ఆలిగేటర్లు పడుకుని ఉంటాయి. జంతువులకి కనీసం 15 అడుగుల దూరంలో ఉండాలని పార్కు నియమం. పులిహోర మెతుకు కూడా విసరొద్దని అందరికీ మళ్ళీ మళ్ళీ చెప్పాం, తిండి పెట్టడం చట్టరీత్యా నేరం. పార్కింగులో రాబందులు వైపర్ల రబ్బరు పీకేస్తాయి. కారు మీద కప్పడానికి పార్కువాళ్ళే టార్పాలిన్లు పెడతారు, తప్పకుండా వాడండి.

కుర్చీ తోసే వాలంటీర్లకి నేర్చుకున్నది చెబుతాం. పక్షి కనపడగానే కుర్చీని ఒక్కసారిగా పక్కకి తిప్పితే ముందున్న చిన్న చక్రం పలకల సందులోకి దిగుతుంది. కాస్త వెనక్కి లాగి, బరువు వెనక చక్రాల మీద వేసి తిప్పాలి. ఆగిన ప్రతిసారీ రెండు బ్రేకులూ వెయ్యాలి. ఎటు తిప్పాలో ముందు కూర్చున్నవాళ్ళని అడగాలి. ఇంకొకటి, చాలాచోట్ల రెయిలింగ్ పైకర్ర సరిగ్గా కూర్చున్నవాళ్ళ కళ్ళ ఎత్తులో ఉంటుంది. వాళ్ళు కింది సందుల్లోంచి చూడాలి. అక్కడ మనం నిలబడితే వాళ్ళకి కనిపించేది మన వీపు. అందుకే రెయిలింగ్ దగ్గర ముందు వరస కుర్చీలదే.

ఒక నడక రోజున అద్దెకి తెచ్చిన వ్యాన్ లిఫ్ట్ సగంలో ఆగిపోయింది. పవర్ చైర్‌లో (మోటారుతో నడిచే కుర్చీలో) ఉన్న అబ్బాయి గాల్లో ఉండిపోయాడు. చేత్తో దించే హ్యాండిల్ దొరికేదాకా అందరికీ టెన్షనే. ఇకమీదట బయల్దేరే ముందు ఖాళీ లిఫ్ట్‌ని ఒకసారి పైకీ కిందికీ నడిపి చూస్తాం. ఆ హ్యాండిల్ వాడటం ఇద్దరు వాలంటీర్లయినా నేర్చుకోవాలి.

శాశ్వత వైకల్యం ఉన్న అమెరికా పౌరులకీ, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకీ నేషనల్ పార్కుల్లో ప్రవేశానికి జీవితకాలం పనిచేసే యాక్సెస్ పాస్ ఉచితంగా ఇస్తారు. ఇది చాలామందికి తెలియదు. గ్రీన్ కార్డు మీద ఉన్న మన తల్లిదండ్రులకీ వర్తిస్తుంది, విజిటింగ్ వీసా మీద వచ్చినవాళ్ళకి రాదు. నేషనల్ పార్కు గేటు దగ్గర ధ్రువపత్రం చూపించి తీసుకోవచ్చు. కాగితాల విషయంలో సాయం కావాలంటే కార్యవర్గాన్ని అడగండి.

వచ్చే ఏడాదికి ఒక తీర్మానం. మన దీపావళి వేదిక ఎత్తు మూడడుగులు. 1990 నాటి అమెరికా వికలాంగుల చట్టం కింద ఉన్న ప్రమాణాల ప్రకారం అడుగు ఎత్తుకి 12 అడుగుల ర్యాంప్ ఉండాలి. అంటే 36 అడుగులు, మధ్యలో ఆగే చదును చోటు అదనం. మనం తీసుకునే హాల్లో అంత స్థలం లేదు. వేదికని అడుగు ఎత్తుకి తగ్గిస్తే 12 అడుగులతో సరిపోతుంది, కుర్చీలో ఉన్న పిల్లలు కూడా తమ పాటకి తామే పైకి వెళ్తారు. వెనక వరసలకి కనిపించదన్న అభ్యంతరానికి రెండు పెద్ద తెరల ఖర్చు కూడా అంచనాలో చేర్చాం. సమావేశంలో దీని మీద ఓటింగ్ ఉంటుంది, దయచేసి అందరూ రండి.

ఇట్లు,
కార్యదర్శి, కార్యవర్గం తరఫున