తెర మీద చదును, బల్ల మీద అలలు: మీ ఫ్లాట్‌నెస్ కంట్రోల్ సిస్టమ్‌పై నాలుగో ఫిర్యాదు

సర్వీస్ విభాగం అధిపతి గారికి,

విషయం: మా కోల్డ్ రోలింగ్ మిల్లులో (వేడిచేయకుండానే ఉక్కును రోల్స్ మధ్య నొక్కి పల్చని రేకు చేసే చోట) రేకు చదునుగా వచ్చేలా చూడడానికి మీరు అమర్చిన ఫ్లాట్‌నెస్ కంట్రోల్ సిస్టమ్ లోపాలు, వాటి మీద మీరిచ్చిన జవాబులపై అభ్యంతరం.

అయ్యా,

మీ సిస్టమ్ మా మిల్లులో పెట్టి ఏడు నెలలైంది. ఈ ఏడు నెలల్లో మీకు మూడుసార్లు రాశాను. మూడుసార్లూ ఒకటే జవాబు వచ్చింది. స్క్రీన్ మీద ఫ్లాట్‌నెస్ హామీ ఇచ్చిన పరిధిలోనే ఉందట. మా ఆపరేటర్లు బెండింగ్‌ను (రోల్స్‌ను వంచే బలాన్ని) మాన్యువల్‌లో కదిలిస్తున్నారట. ముందు మాకు వచ్చే హాట్ రోల్డ్ కాయిల్ ప్రొఫైల్ (వెడల్పు మీద మందం తీరు) సరిచూసుకోవాలట. మూడో ఉత్తరానికి వచ్చిన జవాబులో తేదీ తప్ప ఏమీ మారలేదు.

ఈ ఉత్తరం కాస్త పెద్దది. తప్పు ఎక్కడుందో కూడా ఈసారి మేమే వెతికి రాస్తున్నాం. నిజానికి ఆ పని మీది.

పోయిన నెల కొనుగోలుదారు దగ్గర్నుంచి ఒక కాయిల్ తిరిగొచ్చింది. 0.8 మిల్లీమీటర్ల మందం, 1,250 వెడల్పు. దాన్ని విప్పి రెండు మీటర్ల ముక్క కోయించి, ఇన్‌స్పెక్షన్ బల్ల మీద పరిపించాను. నడుమంతా బల్లకు అతుక్కుని పడుకుంది. రెండు అంచులూ మాత్రం కుచ్చిళ్ళు పోసినట్టు లేచి ఉన్నాయి. వేలితో ఒక అలను నొక్కితే అది అణిగి పక్కది పైకి లేస్తోంది. ఇనుప స్కేలు నిలబెట్టి కొలిచాం. అల ఎత్తు 4 మిల్లీమీటర్లు, ఒక అల నుంచి ఇంకో అలకు దూరం 400. అంటే ఒక శాతం. మీకు తెలియని లెక్కేం కాదు, ఒక శాతం అలకు సుమారు 25 ఐ-యూనిట్లు. ఒక ఐ-యూనిట్ అంటే మీటరు పొడవుకు 10 మైక్రాన్ల తేడా కాబట్టి, ఆ స్ట్రిప్ (రేకు) అంచు నడుము కన్నా మీటరుకు పావు మిల్లీమీటరు ఎక్కువ సాగిందన్నమాట.

అదే కాయిల్‌కు మీ సిస్టమ్ దాచిన రికార్డు తీశాను. మొదటి నుంచి చివరి దాకా నిలకడ వేగంలో, వెడల్పును విడగొట్టిన ఏ జోన్‌లోనూ తేడా 5 ఐ-యూనిట్లు దాటలేదు. స్క్రీన్ నిండా పచ్చ రంగే.

మొదట్లో, స్ట్రిప్ బిగువును జోన్ల వారీగా కొలిచే మీ షేప్‌మీటర్ రోలే అబద్ధం చెబుతోందనుకున్నాను. అది నా పొరపాటు. రోల్‌ను విప్పి క్యాలిబ్రేషన్ సరిచూయించాం, సెన్సర్లన్నీ బాగున్నాయి. స్ట్రిప్ పక్కకు 10 మిల్లీమీటర్లు జరిగినా, సగమే కప్పబడిన చివరి జోన్ రీడింగ్‌ను మీ సాఫ్ట్‌వేర్ చక్కగా సర్దుకుంటోంది. చాలా సిస్టమ్‌లు తడబడేది అక్కడే. కాబట్టి మీ రోల్ మీద నాకు ఫిర్యాదు లేదు. అది ఆ క్షణంలో ఉన్నదున్నట్టే చెబుతోంది. కాకపోతే ఆ క్షణంలో స్ట్రిప్ వేడిగా ఉంది, టెన్షన్‌లో ఉంది. బల్ల మీదికి వచ్చేసరికి ఆ రెండూ ఉండవు.

టెన్షన్ సంగతి సులువు. మేం స్ట్రిప్‌ను 120 మెగాపాస్కల్స్ దగ్గర లాగుతాం. ఉక్కులో ఒక ఐ-యూనిట్ తేడా అంటే దాదాపు 2.1 మెగాపాస్కల్స్. 25 యూనిట్ల తేడా ఉన్నా 50 పైచిలుకు, అంతే. ఎక్కడా స్ట్రిప్ వదులుకాదు. కంటికి అద్దంలా కనిపిస్తుంది. ఆ దాగి ఉన్న తేడాను పట్టుకోడానికే కదా మీ దగ్గర ఇంత ఖరీదైన రోల్ కొన్నది.

అసలు చిక్కంతా వేడి దగ్గరుంది. మిల్లు ఆగిన వెంటనే కాయిల్ పైచుట్టు మీద అంటించి చూసే థర్మామీటర్‌తో ఐదు చోట్ల కొలిచాం. నడుమ 112 డిగ్రీలు, ఒక అంచున 93, రెండో అంచున 91. ఆ వారంలో మరో తొమ్మిది కాయిల్స్ మీద ఇలాగే చూశాం. రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూగా అదే తేడా. ఉక్కు ఒక్కో డిగ్రీకి మీటరుకు 12 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది. అంటే ఒక డిగ్రీ తేడా 1.2 ఐ-యూనిట్లతో సమానం. 20 డిగ్రీలకు 24. బల్ల మీద మాకు కనిపించింది 25. ఇంత దగ్గరగా కలుస్తుందని నేనూ అనుకోలేదు.

జరుగుతున్నది ఇది. మిల్లులోంచి బయటికి వస్తున్నప్పుడు అంచులు చల్లగా ఉండి కుంచించుకుని ఉంటాయి. కాబట్టి షేప్‌మీటర్‌కు అంచులు బిగువుగా ఉన్నట్టు కనిపిస్తుంది. మీ కంట్రోలర్ వెంటనే వర్క్ రోల్ (స్ట్రిప్‌ను తాకే రోల్) బెండింగ్ తగ్గించి అంచులను ఎక్కువగా నొక్కిస్తుంది. అంచులు సాగుతాయి, స్క్రీన్ పచ్చబడుతుంది, అందరూ సంతోషిస్తారు. రెండు రోజులకు కాయిల్ చల్లారుతుంది. వేడిగా ఉన్న నడుము ఎక్కువ కుంచించుకుంటుంది. అవసరం లేకుండా సాగదీసిన అంచులు అలాగే మిగిలిపోతాయి. అలలు అవే. ఈ అలలను పుట్టిస్తున్నది మీ ఆటో మోడే. ఎంత బాగా పనిచేస్తే అంత ఎక్కువగా పుట్టిస్తుంది.

దీనికి మందు మీ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. వేడి తేడాకు తగ్గట్టు లెక్కను సర్దే టెంపరేచర్ కాంపెన్సేషన్ అని ఒక పేజీ ఉంది. మా ఎలక్ట్రికల్ ఇంజనీర్ దాన్ని తెరిచి చూపిస్తే నాకు నోట మాట రాలేదు. అన్ని జోన్లకూ సున్నాలే! కమిషనింగ్ రోజున ఎవరో తర్వాత చూద్దాంలే అని వదిలేసినట్టుంది. ఆ "తర్వాత" అన్నది ఏడు నెలలైనా రాలేదు.

మొదటి ఫిర్యాదు అప్పుడు వచ్చిన మీ ఇంజనీరు, వెడల్పు పొడవునా ఉష్ణోగ్రత ఒకేలా ఉందని రిపోర్టు రాశాడు. గురిపెట్టి చూసే తుపాకీ థర్మామీటర్‌తో కొలిచాడు. మెరిసే కోల్డ్ రోల్డ్ ఉక్కు తన వేడిని చాలా తక్కువగా వెలువరిస్తుంది, చుట్టుపక్కల వేడిని అద్దంలా తిప్పికొడుతుంది. ఆ తుపాకీకి కనిపించింది మా షెడ్డు పైకప్పు. అతను రాసుకున్న అంకెలు నలభైల్లో ఉన్నాయి. అప్పుడే దించిన కాయిల్ మీద చేయి పెట్టి ఉంటే చాలు, నలభై కాదని తెలిసేది.

ఇక మా ఆపరేటర్ల మీద మీరు వేసిన నింద. ఇది నాకు అన్నింటికన్నా కష్టం కలిగించిన మాట. మా దగ్గర ఒక పెద్దాయన ఉన్నారు. షేప్‌మీటర్లు లేని కాలం నుంచి రోలింగ్‌లో ఉన్నారు. మిల్లు నెమ్మదిగా తిరిగేటప్పుడు సన్న కర్రతో స్ట్రిప్ మీద అక్కడక్కడా తట్టి, చప్పుడు బట్టి ఎక్కడ బిగువో ఎక్కడ వదులో చెప్పేవారు. మీరు జవాబులో రాసిన మాన్యువల్ జోక్యం చేసినది ఆయనే. పిలిచి అడిగితే, "ఇది చల్లారాక అంచు వదులుతుంది సార్. అందుకే కాస్త బిగించి పంపుతున్నా" అన్నారు. ఆయన బెండింగ్ పెంచి నడిపిన కాయిల్స్‌కు మీ స్క్రీన్ మీద అంచులు 20 యూనిట్ల దాకా బిగువు చూపిస్తూ ఎర్రగా ఉన్నాయి. వాటిలో రెండింటిని చల్లారాక బల్ల మీదికి ఎక్కించాం. 500 మిల్లీమీటర్లకు ఒక మిల్లీమీటరు అల. లెక్కకు ఒక్క ఐ-యూనిట్. మీరు తప్పని రాసిన కాయిల్సే చదునుగా వచ్చాయి. మీ సాఫ్ట్‌వేర్‌లో సున్నాలున్న చోట ఉండాల్సిన అంకెలు ఆయన చేతిలో ఉన్నాయి.

కాయిల్ మొదలు, చివర కథ వేరు. అక్కడ అలలు అంచున కాదు, పొడవునా వచ్చిపోతుంటాయి. కొంతదూరం అంచు వదులు, కొంతదూరం నడుము వదులు, మళ్ళీ అంచు. దాన్ని కూడా మీరు హాట్ రోల్డ్ కాయిల్ ఖాతాలో వేశారు. రోల్ బైట్ (రోల్స్ స్ట్రిప్‌ను నొక్కే చోటు) నుంచి షేప్‌మీటర్‌కు మా దగ్గర 2.4 మీటర్లు. సెకనుకు 12 మీటర్ల వేగంలో స్ట్రిప్ 0.2 సెకన్లలో అక్కడికి చేరుతుంది. 1.2 మీటర్ల వేగంలో 2 సెకన్లు పడుతుంది. మీ కంట్రోలర్‌లో ఆ ఆలస్యం మాత్రం 0.2 అని శాశ్వతంగా రాసి ఉంది. నెమ్మదిగా నడిచేటప్పుడు, తాను చేసిన సవరణ ఇంకా షేప్‌మీటర్ దాకా రాకముందే అది చాల్లేదనుకుని మళ్ళీ సవరిస్తుంది. అది వచ్చేసరికి ఎక్కువైపోయి ఉంటుంది, వెనక్కి లాగుతుంది. వేణ్ణీళ్ళ కుళాయి తిప్పి, నీళ్ళు వేడెక్కేదాకా ఆగలేక ఇంకా తిప్పి, చివరికి చేయి కాల్చుకునేవాడి పద్ధతి.

రికార్డు చూడండి. 1.2 మీటర్ల వేగంలో బెండింగ్ ఫోర్స్ సుమారు 8 సెకన్లకు ఒకసారి ఊగుతోంది. 2.4 మీటర్ల వేగంలో ఊపు తగ్గుతూ పోయినా 4 సెకన్ల లెక్కనే ఊగుతోంది. రెండు వేగాల్లోనూ స్ట్రిప్ మీద దూరం దాదాపు 9.6 మీటర్లు, అంటే ఆ 2.4 మీటర్లకు సరిగ్గా నాలుగు రెట్లు. ఆలస్యం వల్ల ఊగే లూప్ (కొలిచి, సవరించి, మళ్ళీ కొలిచే చక్రం) గుర్తు అది. మా వర్క్ రోల్ చుట్టుకొలత ఒకటిన్నర మీటర్లు, దానికి దన్నుగా ఉండే బ్యాకప్ రోల్‌ది నాలుగు పైచిలుకు. 9.6 దేనికీ కుదరదు. మాకొచ్చిన కాయిల్‌లోనే ఆ లోపం ఉంటే ఆటో ఆపినా కనిపించాలి. ఆపి చూశాం. పోయింది.

రోల్స్ మీద చల్లే కూలెంట్ గురించి క్లుప్తంగా. మూడు నాజిళ్ళ వాల్వులు పట్టేసి ఉన్నాయి. మీ స్క్రీన్ మాత్రం అవి తెరుచుకున్నాయనే చెబుతోంది. కారణం, అది చూపించేది తాను ఇచ్చిన ఆదేశాన్ని, నాజిల్‌లోంచి వచ్చే ప్రవాహాన్ని కాదు. ఆ వాల్వుల ఎదురుగా రోల్ వేడెక్కి ఉబ్బి, అంచుకూ నడుముకూ మధ్య క్వార్టర్ బకిల్ అనే అల వచ్చింది. అలాంటి సన్నటి చోటును టిల్టూ (రోల్‌ను ఒక పక్కకు వాల్చడం), బెండింగూ సరిచేయలేవు, కూలెంట్ ఒక్కటే చేయగలదు. వాల్వులు మేమే మార్చుకున్నాం.

ఇన్ని లోపాలతో ఈ సిస్టమ్ అంగీకార పరీక్ష ఎలా దాటింది? కాగితాలు మళ్ళీ చదివాను. పరీక్ష నిలకడ వేగంలో జరిగింది, కాయిల్ మొదలూ చివరా లెక్కలోంచి తీసేశారు. ఫలితం మీ షేప్‌మీటర్ రీడింగ్ నుంచే తీసుకున్నారు. లూప్‌ను నడిపే పరికరమే ఆ లూప్‌కు మార్కులు వేసింది. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుంటే ఎవరు తప్పుతారు? ఆ కాగితం మీద మా తరఫున సంతకం చేసింది నేనే. ఆ రోజు ఒక్క ముక్క కూడా కోయించి బల్ల మీద పెట్టించలేదు. ఆ తప్పు నాది, ఒప్పుకుంటున్నాను.

ఇప్పుడు మేం అడుగుతున్నది ఇది. టెంపరేచర్ కాంపెన్సేషన్‌ను మా మిల్లులో నిజంగా కొలిచిన అంకెలతో అమలు చేయండి. వెడల్పు, మందం, వేగం మారితే ఆ అంకెలూ మారాలి. అన్ని కాయిల్స్‌కు ఒకటే పట్టిక రాసిచ్చి వెళ్ళిపోతే ఒప్పుకోం. ఆలస్యాన్ని వేగంతో పాటు మారేలా సరిచేయండి. నెమ్మది వేగంలో గెయిన్ (సవరణ ఎంత గట్టిగా చేయాలన్నది) ఎంత తగ్గించాలో కూడా అక్కడే నిలబడి తేల్చండి. నాజిళ్ళకు నిజమైన ప్రవాహం చూపే ఏర్పాటు చేయండి. ఆ తర్వాత అంగీకార పరీక్ష మళ్ళీ జరగాలి. పూర్తిగా చల్లారిన కాయిల్స్ నుంచి, మొదలు, నడుమ, చివర ముక్కలు కోసి, బల్ల మీద స్కేలుతో కొలిచి ఫలితం రాయాలి. వారంటీ ఆ రోజు నుంచి మొదలవ్వాలి. తిరిగొచ్చిన కాయిల్స్ నష్టం గురించి మా కొనుగోలు విభాగం మీకు విడిగా రాస్తుంది.

పదిహేను రోజుల్లో మనిషిని పంపండి. ల్యాప్‌టాప్‌తో పాటు రోలింగ్ కూడా తెలిసినవాళ్ళయితే మేలు. మళ్ళీ హాట్ రోల్డ్ కాయిల్ ప్రొఫైల్ గురించిన ఆ జవాబే వస్తే, ఒప్పందం ప్రకారం మిగిలిన చెల్లింపు ఆపేసి మూడో పక్షం పరిశీలకుణ్ణి పిలవడం తప్ప మాకు దారి లేదు.

ఆటో మోడ్‌లో బెండింగ్‌ను ప్రస్తుతం ఆపేశాం. టిల్ట్, కూలెంట్ మాత్రమే మీ సిస్టమ్ నడుపుతోంది. బెండింగ్ ఆ పెద్దాయన చూసుకుంటున్నారు. ఆయన షిఫ్టులో లేనప్పుడు ఆయన రాసిచ్చిన చీటీ చూసి మిగతావాళ్ళు నడుపుతున్నారు.

తిరిగొచ్చిన కాయిల్ నుంచి కోసిన రెండు మీటర్ల ముక్కను ఇన్‌స్పెక్షన్ బల్ల మీదే ఉంచాం. మీ మనిషి వచ్చేదాకా దాన్ని కదపవద్దని చెప్పాను. స్కేలు మీరే తెచ్చుకోవచ్చు.

ఇట్లు,
రోలింగ్ విభాగం బాధ్యుడు
కోల్డ్ రోలింగ్ మిల్లు