చిన్నోడి ఎడమ చెయ్యి

అక్కా,

చిన్నోడు ఎడమ చేత్తో రాస్తుంటే అమ్మ పెన్సిల్ లాక్కుని కుడి చేతిలో పెడుతోందని నిన్న ఫోన్‌లో చెప్పావు కదా, రాత్రి అదే బుర్రలో తిరిగింది. నాకూ అలాగే చేసింది, గుర్తుందా? అన్నం కుడి చేత్తోనే తిననీ, దానికి నేనేమీ అనను. రాత జోలికి మాత్రం వెళ్లొద్దని చెప్పు.

ఇక్కడ న్యూజెర్సీలో ఆఫీసులో నా పక్క సీటు పెద్దాయనకి బేస్‌బాల్ పిచ్చి. లంచ్‌లో ఆయన చెప్పేవాటిలో నాకు బాగా నచ్చింది జెస్సీ ఒరోస్కో సంగతి. ఎడమచేతి పిచర్, అంటే మన బౌలర్ లాంటివాడు, కాకపోతే రిలీఫ్ పిచర్: ఆట మధ్యలో పిలిస్తే వచ్చి వేసి వెళ్తాడు. 1979లో మొదలుపెట్టి 2003 దాకా 1252 మ్యాచ్‌ల్లో వేశాడు, అన్ని మ్యాచ్‌లు ఇంకే పిచరూ ఆడలేదు. బేస్‌బాల్‌లో మ్యాచ్‌కి ఒక్కో జట్టుకి తొమ్మిది ఇన్నింగ్స్ ఉంటాయి, ఈయన వేసింది మాత్రం మొత్తం 1295 ఇన్నింగ్సే! వయసు మళ్లాక చాలాసార్లు ఒక్క ఎడమచేతి బ్యాటర్ కోసమే దించేవాళ్లట, వాడికి బంతి వీపు వెనక నుంచి వచ్చినట్టు వచ్చి దూరంగా జారిపోతుంది మరి. నాలుగు బంతులేసి వెళ్లి కూర్చోవడం, దానికి జీతం. (2020లో రూల్ మార్చారులే, ఇన్నింగ్స్ అయిపోతే తప్ప ముగ్గురికైనా వేయాలి.)

జట్లు తొమ్మిది మారాడు. 46 ఏళ్ల వయసులో, ఆఖరి సీజన్ ఒక్కదాంట్లోనే పాడ్రెస్, యాంకీస్, ట్విన్స్. కుర్రాడిగా ఉన్నప్పుడు ఆయన్ని న్యూయార్క్ జట్టు మెట్స్‌కి ఇచ్చేసింది కూడా ఆ ట్విన్సే! నేను మూడో కంపెనీకి మారితేనే నిలకడ లేదంటారు నాన్న.

పెద్దాయన తన ఫోన్‌లో 1986 వరల్డ్ సిరీస్, అంటే బేస్‌బాల్ ఫైనల్స్, ఏడో మ్యాచ్ చూపించాడు. న్యూయార్క్ షియా స్టేడియం, ఒరోస్కో అప్పుడు మెట్స్‌లో, అవతల బోస్టన్. ఆఖరి బ్యాటర్ బ్యారెట్ బ్యాట్ ఊపాడు, తగల్లేదు, అంతే, మెట్స్ గెలిచింది, ఒరోస్కో చేతి గ్లవ్ ఆకాశంలోకి విసిరేసి మోకాళ్ల మీద పడిపోయాడు. అంతకుముందు బ్యాటింగ్‌కి దిగి, బంట్ (బ్యాట్ ఊపకుండా బంతిని మెల్లగా తాకించడం) కొడతానన్నట్టు నిలబడి, చివరి క్షణంలో బ్యాట్ ఊపి ఒక రన్ కూడా తెచ్చాడు, నాకైతే అదే ఎక్కువ నచ్చింది.

లింక్ పంపిస్తాను, అమ్మకి కూడా చూపించు. ఇక్కడ ఎడమచేతి వాళ్లకి వేరే కత్తెర దొరుకుతుంది, వచ్చేటప్పుడు తెస్తా. ఏ రంగు కావాలో వాణ్ణే అడుగు.

నీ తమ్ముడు