వేడి చేయమన్నదీ మీరే, వేడి చేశానని వారంటీ లేదన్నదీ మీరే

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: 9 టైన్లు (మట్టిని చీల్చే ఇనుప పళ్లు) ఉన్న కల్టివేటర్ మాన్యువల్‌లో ఉన్న తప్పు సూచన, దాని వల్ల పాడైన టైన్, వారంటీ ఇవ్వకపోవడం గురించి.

నమస్కారమండి.

మీ కల్టివేటర్ కొని ఇది రెండో సీజన్. మొదటి సీజన్‌లో ఏ ఇబ్బందీ రాలేదు, ఆ మాట ముందే చెప్తున్నాను. ఈసారి దున్నుతుండగా మట్టిలో పూడిపోయిన బండరాయికి చివరి టైన్ గట్టిగా తగిలింది. టైన్ పక్కకి వంగిపోయింది, దాన్ని మోసే ఫ్రేమ్ బార్ కూడా కాస్త వంగింది. రాయికి తగిలితే ఇనుము వంగుతుంది, అందులో మీ తప్పేమీ లేదు. నా ఫిర్యాదు ఆ తర్వాత జరిగినదాని మీద.

మీ మాన్యువల్‌లో మరమ్మతుల పేజీలో ఒకే ఒక్క వాక్యం ఉంది: "వంగిన భాగాలను వేడి చేసి సరిచేసుకోవచ్చు." ఏ భాగాలు, ఎంత వేడి, ఎలా చల్లార్చాలి అన్న వివరం ఒక్కటీ లేదు. కల్టివేటర్‌లో ఉన్న ఇనుమంతా ఒకటే రకం అన్నట్టు రాశారు.

ఫ్రేమ్ బార్‌ని నేను వేడి చేయలేదు. ఈ చివర నుంచి ఆ చివరకి దారం లాగి కట్టి చూస్తే మధ్యలో 18 మిల్లీమీటర్ల వంపు కనిపించింది. వెనకాల బలమైన దూలం పెట్టి, రెండు చివర్లా గొలుసుతో బిగించి, మధ్యలో జాకీ పెట్టి మెల్లగా నొక్కాను. జాకీ తల నేరుగా తగిలితే బార్ గోడ లోపలికి సొట్ట పడుతుంది కాబట్టి మధ్యలో మందపాటి ఇనుప పలక అడ్డం పెట్టాను. దారానికి సమానంగా వచ్చిందని జాకీ వదిలితే సగం వంపు మళ్లీ వెనక్కి వచ్చేసింది. ఇనుము అంతే, వదిలాక కొంత వెనక్కి లాగుతుంది. సరిగ్గా నిలబడాలంటే దారం దాటి అవతలికి నొక్కాలి. కొంచెం నొక్కడం, వదలడం, కొలవడం, మళ్లీ నొక్కడం, ఇలా సాయంత్రం దాకా పట్టింది. చివరికి 2 మిల్లీమీటర్ల తేడా మిగిలింది. ఆ బార్ ఈరోజుకీ బాగా పనిచేస్తోంది. గొలుసు బిగువుగా ఉన్నంతసేపూ దాని మీద తడి గోనెసంచి కప్పి, పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు. తెగిన గొలుసు మనిషి ప్రాణం తీస్తుంది. మీ మాన్యువల్‌లో దాని గురించి హెచ్చరిక కూడా లేదు.

టైన్ మాత్రం చల్లగా ఉన్నప్పుడు జాకీకి లొంగలేదు. నొక్కితే వంగుతోంది, వదిలితే స్ప్రింగులా మునుపటి వంపుకే వస్తోంది. అది వేడిచేసి గట్టిపరిచిన ఉక్కు అని నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. మీ వాక్యాన్ని నమ్మి గ్యాస్ మంటతో వంగిన చోట ఎర్రగా కాల్చాను. నాలుగు సుత్తి దెబ్బలకే తిన్నగా వచ్చింది. నీళ్లు పోయకుండా గాలికే చల్లారనిచ్చాను. చూడటానికి కొత్తదానిలా ఉంది.

మర్నాడు పొలంలోకి దిగిన పూట గడవకముందే అదే టైన్, సరిగ్గా నేను కాల్చిన చోటే మళ్లీ వంగింది. ఈసారి రాయి లేదు, వేరు లేదు, మెత్తటి మట్టి. పక్కనున్న 8 టైన్లూ నిక్షేపంగా ఉన్నాయి. విప్పి, బోల్టు రంధ్రం చుట్టూ కిరోసిన్ రాసి, గుడ్డతో శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లాను. కాసేపటికి తెల్లటి పొడి మీద వెంట్రుకంత సన్నటి తడి గీత తేలింది. రంధ్రం అంచు నుంచి పగులు మొదలైంది. అది చూసి నిజంగా భయమేసింది. గమనించకుండా అలాగే దున్ని ఉంటే ఏమై ఉండేదో.

మీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే మాట్లాడిన ఇంజనీరు గారు, "టైన్‌ని వేడి చేయకూడదండి, అది హీట్ ట్రీట్‌మెంట్ చేసిన స్టీల్, ఎవరు చెప్పారు మీకు?" అన్నారు. "మీ పుస్తకమేనండి" అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. వారం తర్వాత మీ ఉత్తరం వచ్చింది: భాగాన్ని వేడి చేసినందున వారంటీ వర్తించదు అని.

ఆ ఇంజనీరు గారు చెప్పింది నిజమే. అలాంటి ఉక్కుని గట్టిపరిచాక మామూలుగా 400, 500 డిగ్రీల దగ్గర టెంపరింగ్ చేస్తారు, అంటే పెళుసుతనం పోవడానికి మళ్లీ కొంత వేడి చేస్తారు. బాగా ఎర్రబడే దాకా కాల్చామంటే 700 డిగ్రీల చుట్టుపక్కలకి తీసుకెళ్లినట్టే. అక్కడితో ఫ్యాక్టరీలో తెచ్చిన గట్టిదనం పోతుంది. ఇంట్లో గ్యాస్ మంటతో మళ్లీ దాన్ని తీసుకురావడం అయ్యే పని కాదు. ఇది మీకు తయారుచేసిన రోజు నుంచీ తెలుసు. నాకు చెప్పాల్సిన ఒక్క చోట దానికి విరుద్ధంగా రాశారు.

నాకు కొత్త టైన్, దాని బోల్టులు ఉచితంగా పంపండి. దానికంటే ముఖ్యంగా ఆ వాక్యం తీసేయండి. ఫ్రేమ్ లాంటి మామూలు ఇనుమైతే చల్లగా ఉన్నప్పుడే జాకీతో సరిచేయవచ్చని, టైన్లు వంగితే మార్చడమే తప్ప మంట పెట్టకూడదని, పోత ఇనుము భాగాలు ఏవైనా ఉంటే వాటిని వంచబోతే విరిగిపోతాయని విడివిడిగా రాయండి. ప్రతి టైన్ మీద "వేడి చేయరాదు" అని చెరిగిపోకుండా అచ్చు కొట్టించండి. మాన్యువల్ పోయినా ఆ అచ్చు ఉంటుంది. ఇప్పటికే కొన్నవాళ్లకి డీలర్ల ద్వారా ఈ విషయం తెలియజేయండి. నాలాగే కాల్చి, తిన్నగా వచ్చిందని సంతోషపడి, పగులు చూసుకోకుండా దున్నుతున్నవాళ్లు ఉండవచ్చు. నా టెన్షన్ అంతా వాళ్ల గురించే.

మాన్యువల్ పేజీ, మీ ఉత్తరం, సుద్దపొడి మీద కనిపించిన పగులు, మూడింటి ఫొటోలూ జతచేశాను. ఆ టైన్‌ని కోయకుండా, రంగు వేయకుండా అలాగే ఉంచాను. మీ మనిషిని పంపితే చూపిస్తాను. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు. రాకపోతే వినియోగదారుల కమిషన్‌కి ఇవే కాగితాలతో వెళ్తాను.

ఇట్లు,
మీ కల్టివేటర్ కొన్న రైతు